లేని ఊరి పుట్టినరోజులు

మూడో గదిలో ఎవరూ దగ్గలేదు.

షాజాదీ గుమ్మం దాటి నాలుగడుగులు లోపలికి వేసి ఆగింది. ముక్కుకు అడ్డంగా పట్టుకున్న చున్నీని మెల్లగా దించింది. గుండెల నిండా ఊపిరి పీల్చింది. మసి వాసన వచ్చింది, నానిన గోనె వాసన వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు.

గుంటూరు గడ్డ మీద పుట్టిన మనిషికి ఇంతకంటే వింత ఉండదు. పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితే పక్కింటివాళ్ళు తుమ్ముతారు. ఈ గదిలో ఒక ఊరు ఊరంతా పండించిన మిర్చి తగలబడిందని కోల్డ్ స్టోరేజీ యజమాని చైతన్యకృష్ణ రాసిచ్చాడు. తగలబడి రెండు వారాలు కూడా కాలేదు. అలాంటి గదిలో నిలబడితే కళ్ళు ధారలు కట్టాలి, గొంతులో నిప్పు పడాలి, మనిషి మెలికలు తిరిగి బయటికి పరుగెత్తాలి. షాజాదీ మాత్రం పెరట్లో నిలబడ్డట్టు నిలబడి ఉంది.

"పిన్నీ, నీకు దగ్గొస్తోందా?" వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"రావట్లేదమ్మా," అంది వీరమ్మ. "అదే నాకు భయంగా ఉంది. నా కాయ కాలిన చోట నాకు కన్నీళ్ళు కూడా రావట్లేదు."

వీరమ్మ జయరావుపాలెం మనిషి. మొగుడు పోయాక నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. ఆమె, ఆ పాలెంలోని మిగతా కౌలు రైతులు, ధర వచ్చేదాకా దాచుకుందామని మిర్చి కుక్కిన గోనె టిక్కీలు తెచ్చి ఈ మూడో గదిలోనే పెట్టారు. గది కాలింది. బీమా వస్తుంది కదా అని అడగబోతే చైతన్యకృష్ణ చెప్పిన మాటకు పాలెం మొత్తం నోరెళ్ళబెట్టింది. "మీరసలు ఇక్కడ సరుకే పెట్టలేదు. కంప్యూటర్లో ఉన్న మీ పేర్లు సాఫ్ట్‌వేర్ పరీక్ష కోసం పెట్టిన నమూనా పేర్లు. తుడవడం మర్చిపోయాం" అన్నాడు. ఆ గదిలో కాలిన సరుకంతా నీలగుంటపాలెం అనే ఊరి రైతులదట. బీమా వాళ్ళకే రావాలట.

సరుకు పెట్టినప్పుడు ఇచ్చిన చీటీలేవి? కంప్యూటర్లో ఎక్కించాలని ఆయన గుమస్తానే వెనక్కి తీసుకున్నాడు. కౌలు కాగితాలేవి? నోటిమాట మీద కౌలు. కౌలు రైతు పొలంలో ఉంటాడు, కాగితంలో ఉండడు. కాగితంలో లేనివాణ్ణి అసలు లేనే లేడనడానికి ఎంతసేపు పడుతుంది?

పాలెం వాళ్ళు తలా కొంత వేసుకుని షాజాదీని పిలిచారు. ఆమె ఒకప్పుడు చిలకలూరిపేటలో ఎస్సై. పైవాళ్ళు చూపించిన చోట సంతకం పెట్టనని చెప్పి, ఉద్యోగం వాళ్ళ మొహాన కొట్టి వచ్చి, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకుంది. బీమా కంపెనీ పరిశోధకుడు సంజీవరావు ఈ సాయంత్రం నివేదిక పంపుతున్నాడు. అది వెళ్ళిపోతే జయరావుపాలెంలో బతికున్న మనిషంటూ ఎవరూ మిగలరు.

ఫైరింజన్ నీళ్ళు కొట్టిన చోటంతా నల్లటి బురద. షాజాదీ టార్చి వేసుకుంటూ వంకర్లు తిరిగిన ఇనుప అరలు దాటి వెనక మూలకు వెళ్ళింది. అక్కడిదాకా నీళ్ళు చేరలేదు. వెలుగు ఆ మూల మీద పడగానే ఆమె ఆగిపోయింది.

తెల్లటి టిక్కీలు. ఒకదాని మీద ఒకటి, పేర్చినవి పేర్చినట్టే, నిలువెత్తున. గోనె కాలిపోయింది. కుట్టిన పురికొస కాలిపోయింది. లోపలున్నదీ కాలిపోయింది. అయినా ఆకారం పోలేదు. మూట మూటగా, ఉబ్బిన పొట్టలతో, బూడిద నిలబడి ఉంది. ఆమె వంగి దగ్గరగా చూసింది. ఆ బూడిదలో ఒక్కో రేణువూ ఒక్కో చిన్న దోనెలా ఉంది. లక్షల దోనెలు, కోట్ల దోనెలు, చెక్కు చెదరకుండా. షాజాదీ ఊపిరి బిగబట్టి చూపుడువేలు ఆనించింది. ఆ టిక్కీ చప్పుడు లేకుండా జారి నేలలో కలిసిపోయింది.

"వడ్ల ఊక!" అంది. "ఊక కాలినా రూపం పోదు పిన్నీ. మిర్చి కాలితే నల్లగా ముద్ద కడుతుంది, గింజలు మిగులుతాయి. ఇక్కడ ఒక్క గింజ లేదు చూడు."

"మరి నా కాయో?"

"కాలలేదు. కాలకముందే లారీ ఎక్కింది."

వీరమ్మ చేయి చాపి ఆ తెల్లటి గుట్టను ముట్టుకోబోయి, వెనక్కి తీసుకుని, పైట చెంగుకు తుడుచుకుంది.

గుమ్మం దగ్గర చప్పుడైంది. సంజీవరావు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్, ముక్కుకు మడత పెట్టిన రుమాలు. ఆయన ఆ గుమ్మం దాటి ఇంతవరకూ లోపలికి రాలేదు. అరలు మీద పడతాయని చైతన్యకృష్ణ చెప్పగానే అక్కడినుంచే ఫొటోలు తీసుకుని, ఆఫీసు గదిలో మజ్జిగ తాగి వెళ్ళినవాడు.

"షాజాదీ గారూ, మీకు ఇచ్చిన అరగంటా అయిపోయింది."

"రుమాలు ఎందుకండీ?"

"మిర్చి ఘాటు."

"ఒకసారి తీసి పీల్చండి."

"నాకు పడదు."

"తియ్యండి సార్, చావరు. చస్తే మీ కంపెనీయే బీమా ఇస్తుంది."

సంజీవరావు రుమాలు తీశాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. మొహంలో ఏదో కదిలింది, అంతలోనే సర్దుకున్నాడు. "నీళ్ళు కొట్టారు కదా. ఘాటు పోయుంటుంది."

"వెనక మూల నీళ్ళు కొట్టలేదు. వెళ్ళి చూసి రండి, తెల్లగా నిలబడి ఉంది. గట్టిగా తుమ్మకండి, సాక్ష్యం కూలిపోతుంది."

ఆయన వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పటికి నడకలో వేగం తగ్గింది. పొగరు మాత్రం తగ్గలేదు. "ఊక అయితే అయుండొచ్చు. అది చైతన్యకృష్ణ గారికీ, ఆ నీలగుంటపాలెం రైతులకీ మధ్య గొడవ. మీ జయరావుపాలెం వాళ్ళు ఇందులో ఎక్కడొచ్చారు? వాళ్ళు ఉన్నారనడానికి రుజువు చూపించండి."

"అదిగో, ఎదురుగా నిలబడ్డాను కదయ్యా!" అని వీరమ్మ గయ్యిమంది.

"నువ్వున్నావమ్మా. కంప్యూటర్లో ఉన్న వీరమ్మ నువ్వే అని ఎలా నమ్మాలి?"

షాజాదీ ఆయన్ని దాటుకుని నడిచింది. "రండి. మీకు నీలగుంటపాలెం చూపిస్తాను."

* * *

కాటా గదిలో ఒక బల్ల, తూకం మిషను, మూడో గదివైపు ఒక తలుపు, రోడ్డువైపు ఎత్తి ఉన్న ఒక ఇనుప షట్టరు. కిటికీ లేదు. బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు లిడియా కూర్చుని ఉంది. సింగరాయకొండ అమ్మాయి, గుంటూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. ఈ కోల్డ్ స్టోరేజీ వాడే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది ఆమే. షాజాదీ ఫోన్ చేసి అడిగితే, ఆఫీసులో చెప్పకుండా సెలవు పెట్టి బస్సెక్కి వచ్చేసింది.

"నీలగుంటపాలెం ఎక్కడుంది లిడియా?"

"ఎక్కడా లేదు మేడం." ఆ అమ్మాయి తల దించుకుంది. "నేనే కట్టాను."

"కట్టడమేంటి?"

"సాఫ్ట్‌వేర్ కొత్తగా చేసినప్పుడు పేర్లు, వివరాలు ఎక్కించే టేబుళ్ళన్నీ ఖాళీగా ఉంటాయి మేడం. ఖాళీ టేబుల్ మీద ఏం పరీక్షిస్తాం? మనుషులు కావాలి, సరుకు కావాలి. నిజమైన రైతుల వివరాలు వాడకూడదు. అందుకని లేనివాళ్ళని పుట్టిస్తాం. చిన్న ప్రోగ్రాం రాస్తే అదే పుట్టిస్తుంది, ఎంతమంది కావాలంటే అంతమందిని."

"పేర్లు ఏవో నాలుగు కలిపి పారేస్తారన్నమాట," అన్నాడు సంజీవరావు.

"మొదట అలాగే చేశానండీ. గందరగోళం అయింది. పాలు తాగే పిల్ల పేరున పదెకరాలు. కొడుకు కంటే చిన్న తండ్రి. ఆడపిల్ల పుట్టింటి ఇంటిపేరూ మొగుడి ఇంటిపేరూ ఒకటే! మా ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది, అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేసినట్టు. అందుకని మిషనుకి మన పద్ధతులు నేర్పాను."

"ఏం నేర్పావ్?"

లిడియా స్క్రీను వాళ్ళవైపు తిప్పింది. చెప్పడం మొదలుపెట్టింది. ఒకే ఇంటిపేరు వాళ్ళకి పెళ్ళి కుదరకూడదు. మేనరికం కుదరొచ్చు. అన్నదమ్ములు వేరుపడితే టిక్కీలు కూడా వేరుపడాలి. ఊరికి ఎగువన పొలాలు కొన్ని, పల్లంలో కొన్ని. "జనవరిలో ఒక వాన కురిపించాను మేడం. చూడండి, ఆ వారం తెచ్చిన ప్రతి టిక్కీలో తేమ పెరిగింది. ఎగువ పొలాల వాళ్ళకి కొంచెం, పల్లపు వాళ్ళకి బాగా. పల్లపు వాళ్ళకి రంగు చెడిన తాలు కాయ ఎక్కువైంది, ధర తగ్గింది. ఇదిగో, ఈయన అదే వారం బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నాడు. అది నేను చెప్పలేదు. నియమాలన్నీ కలిసి దానంతటదే జరిగింది."

షాజాదీ స్క్రీనుకి దగ్గరగా వంగింది. వరసలు పైకి కదులుతున్నాయి. పేరు, పేరు కింద పేరు. ఎవరి వెనక ఎవరు కాటాకి వచ్చారో, ఎవరి కూతుర్ని ఎవరికిచ్చారో అంతా ఉంది. నేల లేని ఊరిలో వాన కురిసింది. ఆ వానకి లేని మనిషి నష్టపోయి లేని బావమరిది గుమ్మం తొక్కాడు. స్టేషన్లో ఆమె ఎన్నో అబద్ధాలు విన్నది. ఇంత ప్రేమగా, ఇంత ఓపిగ్గా చెప్పిన అబద్ధం ఎప్పుడూ వినలేదు. నిజానికి దీన్ని అబద్ధం అనాలంటే నోరు రావడం లేదు.

"దేవుడు కూడా ఇంత లెక్కగా చెయ్యడు తల్లీ," అంది వీరమ్మ, నోటి మీద చెయ్యేసుకుని.

"నిజంలాగా లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు బయటపడవు ఆంటీ. పరీక్ష అయ్యాక ఊరు మొత్తం తుడిచెయ్యాలి. తుడుస్తానంటే చైతన్యకృష్ణ గారు వద్దన్నారు. మేమే తుడుచుకుంటాం అన్నారు." లిడియా కళ్ళు తుడుచుకుంది. "తుడవలేదు. బతికించి, వాళ్ళ పేరున బీమా అడిగారు."

సంజీవరావు బల్ల మీద చరిచాడు. "కథ బాగుంది! ఈ అమ్మాయి చెప్తే నమ్మెయ్యాలా? నేనూ కంప్యూటర్లో రెండు ఊళ్ళూ చూశాను. నీలగుంటపాలెంలో మనిషికో పుట్టినరోజు, మనిషికో ఫోన్ నంబరు, మనిషికో సర్వే నంబరు. మీ జయరావుపాలెంలో? అందరూ జనవరి ఒకటినే పుట్టారు! ఊరు ఊరంతా! అందరికీ కలిపి ఒకే ఫోన్! సర్వే నంబరు దగ్గర సున్నా! ఎవడో బద్ధకస్తుడు ఒక మనిషిని తయారుచేసి కాపీ కొట్టుకుంటూ పోయినట్టు లేదూ? మీరే చెప్పండి, ఏది దొంగ ఊరు?"

షాజాదీ నవ్వింది. ఆ గదిలో మొదటిసారి నవ్వింది.

"నా పుట్టినరోజు ఎప్పుడో తెలుసా సంజీవరావు గారూ? జూలై ఒకటి. మా అన్నదీ జూలై ఒకటే. మా బడిలో సగం మందిదీ అదే. హెడ్మాస్టరు గారు కలం మూత తీసి, అందర్నీ ఒక్క రోజున పుట్టించి, మూత పెట్టేశారు. మా అమ్మనడిగితే పత్తి తీసే రోజుల్లో పుట్టావంటుంది. పిన్నీ, నీ ఆధార్ ఉందా?"

వీరమ్మ రవికలోంచి చిన్న సంచి తీసి, అందులోంచి నలిగిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. జనవరి ఒకటి.

"ఉప్పెన వచ్చిన ఏడు, పొగాకు కోసే రోజుల్లో పుట్టానని చెప్పా," అంది వీరమ్మ. "ఆ కార్డు తీసే పిల్లోడు, తేదీ చెప్పమ్మా తేదీ అని విసుక్కున్నాడు. తేదీ నాకేం తెలుసు, పుట్టినప్పుడు నేను కేలండరు చూశానా? జనవరి ఒకటి అని కొట్టి, నెక్స్ట్ అన్నాడు. వరసలో ఉన్న మా పాలెమంతా ఆ రోజే పుట్టాం." కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"విన్నారా? తేదీలు తెలిసిన ఊరు అబద్ధం. తేదీ తెలియని ఊరు నిజం." షాజాదీ స్క్రీను మీద వేలు పెట్టింది. "నోటిమాట కౌలుకి సర్వే నంబరు ఎక్కడిది? మీరు తలకిందులుగా చదివారు."

"ఫోన్ సంగతో?"

"నీలగుంటపాలెం వాళ్ళకి చేశారా?"

"పదిమందికి చేశాను. పదిమందీ ఎత్తారు. మర్యాదగా మాట్లాడారు."

"ఏప్రిల్లో? కల్లాల మీద కాయ ఆరబోసుకున్న రైతులు, తెలియని నంబరుకి, పదికి పదిమందీ ఎత్తి మర్యాదగా మాట్లాడారా?" షాజాదీ వంగి ఆయన కళ్ళలోకి చూసింది. "నంబర్లు మార్చి, ఈ ఆవరణలోనే కూర్చోబెట్టిన మనుషులయ్యా వాళ్ళు. జయరావుపాలెం నంబరుకి చేశారా?"

"దొంగ నంబరుకి ఎందుకు చేస్తాను?"

"ఇప్పుడు చెయ్యండి. స్పీకర్ పెట్టండి."

ఆయన చేశాడు. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో రొప్పుతూ ఎత్తారు. వెనక మేకల అరుపులు.

"ప్రభువుకు స్తోత్రం, పాస్టర్ ప్రేమదాసునండీ, ఎవరు కావాలి? చెంచయ్యయితే చేలో మందు కొట్టడానికి వెళ్ళాడు. సుబ్బరావమ్మయితే ఇక్కడే ఉంది, పిలవమంటారా? ఎవరికి కావాలో తొందరగా చెప్పండి, చార్జింగు లేదు."

సంజీవరావు ఫోన్ పెట్టేశాడు.

"పాస్టర్ గారి దగ్గరే సిగ్నల్ వస్తుంది," అంది వీరమ్మ. "మా అందరికీ ఆయన ఫోనే."

"ఇంకోటుంది సార్," లిడియా గొంతు సవరించుకుంది. "ఒక నంబరు ఒక్క మనిషికే ఉండాలని సాఫ్ట్‌వేర్‌లో నియమం పెట్టాం. ఫిబ్రవరిలో ఇక్కడి గుమస్తా నాకు ఫోన్ చేశాడు. కాటా దగ్గర జయరావుపాలెం వాళ్ళు బండ్లతో నిలబడ్డారు, రెండో మనిషి నంబరు తీసుకోవట్లేదు, ఏదో ఒకటి చెయ్యమన్నాడు. వెనక ఎడ్ల గంటలు కూడా వినిపించాయి. ఆ రోజే నియమం తీసేశాను. ఎప్పుడు తీశానో ఇక్కడ నమోదై ఉంది. లేనివాళ్ళ కోసం ఎవరైనా నియమం తీస్తారా సార్?"

షాజాదీ చూపు రెండు ఊళ్ళ మీదా మారి మారి తిరిగింది. ఒకవైపు మూడు వందల అరవై అయిదు రోజులకూ సమంగా పంచిన పుట్టినరోజులు, దేవుడి చేతిపనంత ముచ్చటగా. ఇంకోవైపు జనవరి ఒకటి, జనవరి ఒకటి, జనవరి ఒకటి. ఆ ఒక్క తేదీ కింద ఎన్ని పొగాకు కోతలు, ఎన్ని ఉప్పెనలు, ఎన్ని ప్రసవాలు దాక్కుని ఉన్నాయో! అక్షరం తేడా లేని ఆ వరసలే ఇప్పుడు ఆమె కంటికి జాతరలా కనిపించాయి.

సంజీవరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నివేదిక ఆపుతాను," అన్నాడు నెమ్మదిగా. తర్వాత, ఎవరూ అడక్కుండానే, వీరమ్మ వైపు తిరిగి, "నీ సరుకు ఎటుపోయిందో వెతికించే పూచీ నాదమ్మా," అన్నాడు.

"మేడం!"

లిడియా కుర్చీలోంచి లేచింది.

"వీరమ్మ గారి వరస మారింది. ఇప్పుడే, మనం చూస్తుండగానే. ఎవరో అందులో రాస్తున్నారు."

"ఏం రాశారు?"

"మరణించిన తేదీ అని ఒక గడి ఉంటుంది. రైతు చనిపోతే వారసుల కోసం. ఇంతవరకు ఖాళీగా ఉంది. అందులో..." ఆ అమ్మాయి స్క్రీను మీద వేలు పెట్టింది. "ఈ రోజు తేదీ వేశారు."

"నేనెప్పుడు సచ్చానమ్మా?" వీరమ్మ విడ్డూరంగా నవ్వబోయింది. "సావడానికి నాకు తీరికెక్కడిది?"

సంజీవరావే ముందు గ్రహించాడు. "నమూనా మనిషికి చావు రాయరు," అన్నాడు, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "లేని మనిషి చావదు కదా! చైతన్యకృష్ణకి ఈమె ఉందని తెలుసు. మొదట్నుంచీ తెలుసు."

"కారణం అని పక్కన ఇంకో గడి ఉంది," అంది లిడియా. "అదీ నింపుతున్నారు. గోదాములో... ప్రమాదం..."

"ఎక్కడ్నుంచి?"

"ముందువైపు ఆఫీసు గదిలోని కంప్యూటర్ నుంచి. అంటే, ఈ గోడకి అవతలే."

షాజాదీ వీరమ్మ భుజం పట్టుకుని గోడవైపు లాగింది. "పిన్నీ, నా వెనకే ఉండు. లిడియా, ఆ వరసని ఫొటో తియ్యి, పాస్టర్ గారికి పంపు. సంజీవరావు గారూ, ఆ తలుపు!"

సంజీవరావు మూడో గదివైపు తలుపుకు అడ్డంగా వెళ్ళి భుజం ఆనించాడు. ఆయన ఆనించేలోపే అవతలినుంచి గడియ పడింది.

అప్పుడు రోడ్డువైపు ఇనుప షట్టరు కదిలింది. పైనుంచి, తొందరేం లేనట్టు, ఒక్కో పట్టీ కిందకి దిగుతోంది. బయటి ఎండ వీరమ్మ మొహం మీంచి మెడ మీదకి, మెడ మీంచి చేతుల్లోని ఆధార్ కార్డు మీదకి, అక్కడినుంచి ఆమె పాదాల మీదకి జారింది.

షట్టరు కింద మిగిలిన జానెడు వెలుగులో ఎవరివో రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. పక్కనే ఒక డబ్బా దించారు. దాని మూత తియ్యగానే గది నిండా పెట్రోలు వాసన వచ్చింది.